కర్చీఫ్ లేకుండా పాల పుట్టగొడుగుల జోలికెళ్లకండి

గిల్లితే పాలు కారిన పుట్టగొడుగు ఫోటో పెట్టి, అది ఏ రకమని అడిగారు. ఫోటో చూసి నేనైతే చెప్పలేను. ఎవరైనా గట్టిగా చెప్పారంటే గుడ్డిగా రాయి విసిరినట్టే.

కాడ సుద్దముక్కలా పుటుక్కున విరిగి, పాలు కూడా వచ్చాయంటే లాక్టేరియస్ గానీ లాక్టిఫ్లూయస్ గానీ అయి ఉంటుంది, రెండూ పాలు కారే పుట్టగొడుగుల ప్రజాతులే. అసలు తంటా అక్కడి నుంచే మొదలు.

ఓసారి తడినేలలో చిన్న చిన్న ఇటుకరంగు గొడుగులు దొరికాయి. తెల్లటి పాలు, ఎంతసేపు చూసినా రంగు మారలేదు. "లాక్టేరియస్ సబ్‌డల్సిస్, ఇంకేం చూడక్కర్లేదు" అని నోట్‌బుక్‌లో రాసేశాను. నా స్నేహితుడి తెల్ల కర్చీఫ్ తీసుకుని చేతులు తుడుచుకున్నాను. కాసేపటికి వాడు తిట్టడం మొదలుపెట్టాడు, కర్చీఫ్ మీద పసుపు మరకలేంటని. నా చేతులు మురికి అనుకున్నాడు. కాదు, పాలే! పుట్టగొడుగు మీద తెల్లగానే ఉన్నాయి, గుడ్డ మీద మాత్రం పసుపెక్కాయి. అది లాక్టేరియస్ టాబిడస్ అనే ఇంకో రకం లక్షణం. అప్పుడు తలెత్తి చూస్తే చుట్టూ అన్నీ బర్చ్ చెట్లే. సబ్‌డల్సిస్ ఉండేది ఎక్కువగా బీచ్ చెట్ల కింద. పైకి చూడాలన్న ఇంగితం నాకెందుకు లేకపోయిందో!

అప్పటి నుంచి గడియారం కూడా చూస్తాను. క్రిసోరియస్ అనే రకం తెల్లపాలు కొన్ని సెకన్లలోనే గంధకంలా పసుపు రంగుకు మారతాయి. స్ప్రూస్ చెట్ల కింద పెరిగే డెటెరిమస్ అనే రకం నారింజ పాలు ముదురు ఎరుపెక్కడానికి 10, 15 నిమిషాలు పడుతుంది. అంతసేపు కూర్చునే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది? పైనుంచి ఒక ఫోటో, వెంటనే యాప్, అది చెప్పిన పేరే వేదం.

ఇక పేర్ల గోల వేరే. 2008లో డీఎన్‌ఏ పరిశోధనలు పాత లాక్టేరియస్ ఒకే వంశం కాదని తేల్చాయి. ఆ తర్వాత నేను లాక్టేరియస్ అని బట్టీ పట్టిన వోలెమస్ అనే రకం కాస్తా లాక్టిఫ్లూయస్‌లోకి వెళ్లిపోయింది. చేపల కంపు మాత్రం అలాగే ఉంది. నన్నడిగితే ఆ కంపే నమ్మకమైన పేరు.

మీ ఫోటోలో చెట్టు లేదు, కోసిన ముక్క లేదు, పాలు ఏ రంగో కూడా తెలియట్లేదు. మళ్లీ అక్కడికెళ్తే లేతది ఒకటి కోయండి, ఎండిన ముసలివాటిలో పాలు రావు. ఒక చుక్క తెల్లగుడ్డ మీద వేసి పావుగంట ఆగండి. పైన ఏ చెట్టుందో రాయండి. ఈలోగా దాన్ని వండే పని మాత్రం పెట్టుకోకండి.