మీరు అడిగారు: గుల్మార్గ్‌లో స్కీయింగ్ ఒక్క పూటలో అయ్యే పని కాదండీ

చలికాలం టూర్లు బుక్ చేసుకునే టైం కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా గుల్మార్గ్ గురించే. అందుకని మిగతావి పక్కన పెట్టి అవే తీసుకున్నాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే ఒకరిది మాత్రమే వేశాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ఫిబ్రవరిలో మేం నలుగురం కశ్మీర్ వెళ్తున్నాం. ప్యాకేజీలో గుల్మార్గ్‌కి ఒక రోజు ఇచ్చి "స్కీయింగ్ కూడా కలిపి" అని రాశారు. ఒక్క రోజులో ఎంతవరకు నేర్చుకోవచ్చు? – ఒక పాఠకురాలు, కాకినాడ

ఫొటో దిగేంతవరకు వస్తుందండీ. వెటకారం కాదు, లెక్క మీరే చూడండి. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ 50 కిలోమీటర్లు, చూడ్డానికి దగ్గరే, కానీ టంగ్‌మర్గ్ దగ్గర్నుంచి చివరి 13 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు, మంచు పడి ఉంటే టైర్లకి చైన్లు లేని బండిని పైకి పోనివ్వరు, మీరు వచ్చిన బండి అక్కడే ఆగిపోతే లోకల్ బండి మాట్లాడుకోవాలి, గంబూట్లూ పొడుగు కోట్లూ అద్దెకి తీసుకోమని షాపులవాళ్ళు చుట్టుముడతారు, ఆ బేరాలయ్యి పైకి చేరేసరికి పొద్దు బాగా ఎక్కిపోతుంది. ఆ తర్వాత గొండోలా (కొండమీదికి పోయే కేబుల్ కార్) క్యూ, భోజనం. చీకటి పడకముందే డ్రైవర్ కిందికి దిగాలంటాడు, ఆయన తప్పేం లేదు, సాయంత్రానికి రోడ్డు గడ్డకట్టి జారుతుంది. ఇవన్నీ పోను మీకు మిగిలేది ఏ గంటో. ఆ గంటలో ఒకాయన మీ కాళ్ళకి స్కీలు తగిలించి, చెయ్యి పట్టుకుని కొంత దూరం లాగి, వీడియో తీసి ఇస్తాడు. ప్యాకేజీలో ఉన్న స్కీయింగ్ అంటే ఇదే.

నిజంగా నేర్చుకోవాలంటే పైనే ఉండాలి. కనీసం మూడు పొద్దుటి పూటలు కావాలి. మొదటి రోజంతా బూట్లతోనే సరిపోతుంది, ఆ ప్లాస్టిక్ బూటు కాలికి సరిగ్గా పట్టకపోతే ఎంత గొప్ప గురువు దొరికినా లాభం లేదు. నడవడం, పక్కకి పడడం, పడ్డాక లేవడం (అసలు కష్టం ఇక్కడుంది), తర్వాత స్కీల ముందు కొసలు దగ్గరకి తెచ్చి మడమలు బయటికి తోసి ఆగడం. ఆగడం వచ్చాకే మలుపులు. గొండోలా స్టేషన్ దగ్గర్లోనే కొత్తవాళ్ళ కోసం చిన్న వాలులున్నాయి, మొదటి రెండు రోజులు అవి దాటకండి. కేంద్ర పర్యాటక శాఖ కింద గుల్మార్గ్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ అని ఉంది, వాళ్ళు కోర్సులు పెడతారు, సీట్లు ముందే నిండిపోతాయి కాబట్టి టికెట్లు కొనేముందు వాళ్ళ తేదీలు చూసుకోండి. అది కుదరకపోతే లోకల్ గైడ్‌ని పెట్టుకోండి, కానీ గంటకి ఎంత, సామాను అద్దె అందులో కలిపా విడిగానా అన్నది ముందే తేల్చుకోవాలి, ఎక్కిన తర్వాత బేరం మీ చేతిలో ఉండదు.

నేను హైదరాబాద్ స్నో వరల్డ్‌కి చాలాసార్లు వెళ్ళాను, బ్యాలెన్స్ బాగానే ఉంది. గొండోలా ఫేజ్ 2 ఎక్కి పైనుంచి స్కీ చేసుకుంటూ దిగొచ్చా? వీడియోల్లో చాలామంది దిగుతున్నారు. – ఒక పాఠకుడు, వరంగల్

వద్దు తమ్ముడూ. ఒక్క ముక్కలో చెప్పాలంటే అంతే, కానీ ఎందుకు వద్దో కూడా చెప్తాను, లేకపోతే నువ్వు వినవు.

ఈ గొండోలా రెండు అంచెలు. కింద గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంటే, ఫేజ్ 1 నిన్ను కొంగ్‌డూరి దాకా తీసుకెళ్తుంది, అది దాదాపు 3,100. ఫేజ్ 2 అక్కడ్నుంచి అఫర్వత్ కొండ భుజం మీదికి, దాదాపు 3,950 మీటర్లకి. ఫ్రెంచ్ కంపెనీ పోమా కట్టింది. పని 1980ల చివర్లో మొదలైనా కశ్మీర్ పరిస్థితుల వల్ల ఆగిపోయి, మొదటి అంచె 1998లో, రెండోది 2005లో మొదలయ్యాయి. ఈ రెండో అంచె వచ్చాకే ప్రపంచంలో స్కీయర్లందరి కళ్ళూ గుల్మార్గ్ మీద పడ్డాయి, ఎందుకంటే అంత ఎత్తు నుంచి కింద ఊరి దాకా దాదాపు 1,300 మీటర్ల దిగుడు, దానిమీద మెత్తటి తాజా మంచు, జనం తక్కువ.

మెలిక ఏంటంటే యూరప్ రిసార్టుల్లో రాత్రిపూట మెషిన్లు తిప్పి మంచుని చదును చేసి, పక్కన గుర్తులు పాతి, ఇది ఈజీ ఇది కష్టం అని రంగులేసి పెడతారు. ఫేజ్ 2 మీద అలాంటిదేమీ ఉండదనే అనుకో. గొండోలా కింద ఉన్న గిన్నెలాంటి భాగాన్ని మాత్రం స్కీ ప్యాట్రోల్ (గస్తీ) వాళ్ళు చూసుకుంటారు, మంచు పెళ్ళలు విరిగిపడే ప్రమాదం ఉంటే ముందే పేల్చి దించేస్తారు, సేఫ్ అనిపించేదాకా తెరవరు. ఆ హద్దు దాటావంటే కొండ కొండే, నీ పూచీ నీదే. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ మీద మంచు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక రష్యన్. అలాంటి కొండ ఎక్కేవాళ్ళు సరదాకి వచ్చినవాళ్ళు కాదు. ఒంటికి సిగ్నల్ పంపే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ, పార, ఈ మూడూ లేకుండా అనుభవం ఉన్నవాళ్ళు కూడా హద్దు దాటరు. మంచు కింద పూడిపోయిన మనిషిని పావుగంట లోపు తవ్వితీస్తే బతికే ఛాన్సు ఉంటుంది, ఆ తర్వాత అది గబగబా పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదు, పక్కన ఉన్న స్నేహితుడే తవ్వాలి.

ఇక స్నో వరల్డ్ అంటావా, పిల్లలు ఆడుకోడానికి బాగుంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఫేజ్ 2 ఎక్కు, చుట్టూ చూడు, ఆకాశం క్లియర్‌గా ఉంటే నంగా పర్బత్ కూడా కనిపిస్తుంది, మళ్ళీ గొండోలాలోనే దిగు. ఇంకో మాట, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నానన్న ధీమా వద్దు, చాలా పాలసీల్లో స్కీయింగ్ కవర్ కాదు, చిన్న అక్షరాలు చదువు.

నాకు 66, మా ఆవిడకి 61, నాకు బీపీ ఉంది. గొండోలా ఎక్కొచ్చా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, ముందు మీ డాక్టర్ గారిని అడగండి, నేను చెప్పేది దాని తర్వాతే. తెనాలి దాదాపు సముద్రమట్టంలో ఉంటుంది. శ్రీనగర్‌లో విమానం దిగేసరికే 1,600 మీటర్లకి దగ్గర్లో ఉంటారు, ఫేజ్ 2 పైన గాలి ఒత్తిడి మీ ఊళ్ళో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు. విమానం దిగిన మర్నాడే అక్కడికి వెళ్తే వయసులో ఉన్నవాళ్ళకే తల నొప్పి, వికారం, ఆయాసం వస్తాయి. కాబట్టి శ్రీనగర్‌లో ఒకటి రెండు రోజులుండి, గుల్మార్గ్‌లో ఒక రాత్రి పడుకుని, మర్నాడు ఫేజ్ 1 దాకా వెళ్ళండి. కొంగ్‌డూరిలో మంచు కావలసినంత ఉంటుంది, కూర్చుని టీ తాగడానికి చోటూ ఉంటుంది. ఫేజ్ 2 మీద చాలామంది పది నిమిషాలు వణికి ఫొటో తీసుకుని దిగిపోతారు, దానికోసం గుండెని ఇబ్బంది పెట్టడం ఎందుకు. తల బరువెక్కితే ఇంకా పైకి పోవద్దు, వెంటనే దిగడమే మందు. బీపీ మాత్రలు చేతి సంచిలోనే పెట్టుకోండి, లగేజీలో కాదు. చల్లద్దాలు మర్చిపోవద్దు, తాజా మంచు మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహానికే కొడతాయి, మబ్బుగా ఉన్నా సరే, సాయంత్రానికి కళ్ళు మంటలెత్తుతాయి.

డిసెంబర్ చివర్లో పిల్లలకి సెలవులు. అప్పుడు మంచు గ్యారంటీయా? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

గ్యారంటీ ఎవరు ఇచ్చినా నమ్మకండి. కశ్మీరీలు డిసెంబర్ 21 నుంచి జనవరి ఆఖరు దాకా 40 రోజుల్ని చిల్లై కలాన్ అంటారు, చలి గట్టిగా ఉండే కాలం అది, తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఇంకో 10 రోజులు చిల్లై బచ్చా. మంచు పడాల్సింది ఆ చిల్లై కలాన్‌లోనే. కానీ చలి ఉన్నంతమాత్రాన మంచు పడదు, తేమ రావాలి. ఆ తేమ ఎక్కడో మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలివానలు మోసుకొస్తాయి. అవి రాకపోతే అంతే సంగతులు. 2024 జనవరిలో గుల్మార్గ్ ఎండుగడ్డితో గోధుమరంగులో ఉంది, బుకింగులు క్యాన్సిల్ చేసుకుని జనం వెనక్కి పోయారు, జనవరి ఆఖర్లో గానీ మంచు రాలేదు. అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ వాయిదా పడి ఫిబ్రవరి 21 నుంచి జరిగాయి, 2025లో కూడా మంచు లేక వాయిదా వేసి మార్చిలో పెట్టారు. స్కీయింగ్ కోసమే అయితే నేను ఫిబ్రవరికే ఓటేస్తాను. పిల్లలకి మంచు చూపించడమే పని అయితే డిసెంబర్‌లో పోండి, కానీ టికెట్లు క్యాన్సిల్ చేసుకునే వీలున్నవి కొనండి.

మా అన్నయ్య డెన్వర్‌లో ఉంటాడు, ప్రతి చలికాలం స్కీయింగ్‌కి వెళ్తాడు. ఇండియా వస్తే గుల్మార్గ్ తీసుకెళ్దామనుకుంటున్నా, వాడికి నచ్చుతుందా? – ఒక పాఠకుడు, మదనపల్లె

వాడి స్థాయిని బట్టి. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో బ్రెకెన్‌రిడ్జ్ అనే స్కీ రిసార్టు చెయిర్‌లిఫ్ట్ 3,914 మీటర్ల దాకా పోతుంది, మన ఫేజ్ 2 దాంతో ఢీ అంటే ఢీ. కానీ అక్కడ లిఫ్టులు లెక్కకి మించి, ఇక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గాలి ఎక్కువైనా, మంచు కురుస్తున్నా పైది ఆపేస్తారు, రెండు రోజులు హోటల్లో హీటర్ ముందు కూర్చోవాల్సి రావచ్చు. ఓపికున్న మంచి స్కీయర్ అయితే, గైడ్‌తో, పిచ్చెక్కిపోతాడు. నున్నటి ట్రాకుల మీద తిరగడం అలవాటైనవాడైతే మూడో రోజుకి విసుక్కుంటాడు.

స్కీయింగ్‌లో కెరీర్ ఉంటుందా? నేను బీపీఎడ్ చదువుతున్నా. – ఒక విద్యార్థి, విజయనగరం

ఆటగాడిగా అంటే నిజం చెప్తాను, ఆలస్యమైంది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్ళింది ఒక్కడే, ఆరిఫ్ ఖాన్, గుల్మార్గ్ పక్కనే పుట్టి పెరిగినవాడు, నాలుగేళ్ళకే స్కీల మీద నిలబడ్డాడు, జెయింట్ స్లాలమ్‌లో (పాతిన గుర్తుల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పోటీ) 45వ స్థానం వచ్చింది. గడప దగ్గర మంచు ఉన్నవాడికే అంత కష్టమైంది. అదే శిక్షకుడిగా, అడ్వెంచర్ టూరిజంలో గైడ్‌గా అంటే దారి ఉంది. ముందు బేసిక్ కోర్సు, మంచి గ్రేడ్ వస్తే పై కోర్సులు, పర్వతారోహణ కూడా కలిపితే ఏడాది పొడుగునా పని ఉంటుంది. సైన్యంలో చేరే ఆలోచన ఉంటే హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ ఉన్నది గుల్మార్గ్‌లోనే, కానీ దాన్ని స్కీయింగ్ కోసం ఎవరూ ఎంచుకోరనుకో.

మేం శాకాహారులం, అన్నం లేకపోతే ఉండలేం. పైన ఏం దొరుకుతుంది? – ఒక గృహిణి, గుంటూరు

అన్నానికి బెంగ లేదమ్మా, కశ్మీరీలు మనకన్నా ఎక్కువ అన్నం తింటారు. హాక్ అని ఆకుకూర, రాజ్మా, తామరతూడు కూర, దమ్ ఆలూ. కారం మనకి ఆనదు, ఆవకాయ సీసా ఒకటి బట్టల మధ్య చుట్టి తీసుకెళ్ళండి. నూన్ చాయ్ ఇస్తే పంచదార అడగకండి, అది ఉప్పు టీ, తియ్యగా కావాలంటే కహ్వా అడగండి.

2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో జరిగింది తలుచుకుంటే భయంగా ఉంది. వెళ్ళడం మంచిదేనా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

భయం సహజమే, ఆరోజు పోయిన 26 మందిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వెళ్ళమని నేను బలవంతం చెయ్యను, వద్దని కూడా అనను. ఆ దాడి తర్వాత చాలా టూరిస్టు స్థలాలు మూసేసి, తర్వాత విడతలవారీగా తెరిచారు, అంటే పరిస్థితి ఎప్పటికప్పుడు మారుతుంది. బయల్దేరేముందు జమ్మూ కశ్మీర్ పర్యాటక శాఖ ఏమంటోందో చూడండి, డ్రైవర్ "నాకు తెలిసిన చోటు ఒకటుంది" అని మూసి ఉన్న చోటికి తీసుకెళ్తానంటే ఒప్పుకోకండి, ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటే ఈ ఏడు సిమ్లా వైపు పోండి.

గొండోలా టికెట్లు అక్కడ కౌంటర్లో దొరుకుతాయా? ఫోన్ పనిచేస్తుందా? – ఒక పాఠకుడు, కర్నూలు

రెండూ కలిపి అడిగారు, బాగుంది, ఎందుకంటే ఒకదానితో ఇంకోటి ముడిపడి ఉంది. టికెట్లు ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి, సీజన్లో కొన్ని రోజుల ముందే అయిపోతాయి. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ అయితేనే సిగ్నల్ వస్తుంది. శ్రీనగర్ వెళ్ళాక కొందాంలే అనుకుంటే ఓటీపీ రాక హోటల్ వైఫై కింద కూర్చుని తల పట్టుకుంటారు. ఇంటి దగ్గరే కొనేసి, ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి, ఆ చలికి ఫోన్ బ్యాటరీ చెప్పకుండా పడిపోతుంది.