"అయిపోయినట్టే" అనకు చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నీ గురించే చెప్పింది. ఆఫీసు నుంచి హాస్టల్‌కి వచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నావని, నీతోపాటే చేరిన కుర్రాడికి క్లయింట్ కాల్ అప్పజెప్పి నిన్ను పక్కన పెట్టారని. "ఇది రాత్రింబవళ్లు కోడ్ రాస్తుంది, వాడు కబుర్లు చెప్తాడు, ఇదేం న్యాయం అన్నయ్యా" అని నన్నే నిలదీసింది, ఆ ప్రాజెక్టేదో నేను నడుపుతున్నట్టు! మీ అమ్మతో ఏమీ అనలేదు కానీ నీకు రాయాలనిపించింది. ఫోన్లో అయితే "ఊఁ మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు కదా.

ఆ కుర్రాడిది కాన్వెంట్ ఇంగ్లీషు కాబట్టి ఇచ్చారని నీ అనుమానమట. కొంత ఉండొచ్చు, కాదనను. అయితే మీ అమ్మ చెప్పినదాంట్లోనే నాకు ఇంకోటి కనబడింది. నీకిచ్చిన పని, మీ భాషలో టికెట్, బుధవారమే ఇరుక్కుంది, నువ్వు బయటపెట్టింది శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, అదీ మీ లీడ్ అడిగితే. మరి గురువారం, శుక్రవారం పొద్దున్న స్టాండప్‌లో, టీమంతా ఎవరి పని ఎంతవరకొచ్చిందో చెప్పుకునేచోట, ఏం చెప్పావు? "వర్క్ ఇన్ ప్రోగ్రెస్" అని ఉంటావు. నేనూ ఏళ్ల తరబడి అదే అన్నాను కాబట్టి చెప్తున్నా.

నేను 1999లో హైదరాబాద్ వచ్చేసరికి సైబర్ టవర్స్ మొదలై ఏడాది. ఎస్సార్ నగర్‌లో ఒక గదిలో ఐదుగురం, పొద్దున్నే మైత్రీవనం దగ్గర ఒరాకిల్ క్లాసు. అక్కడ అన్నీ నేర్పారు, పని చెడితే ఎవరికి ఎలా చెప్పాలో తప్ప. అది 2004లో డబ్బు కట్టకుండానే నేర్చుకున్నాను.

క్లయింట్ అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. పాత సిస్టమ్‌లో ఉన్న పాలసీల డేటా అంతా కొత్తదాంట్లోకి మార్చాలి, అది నా పని. ప్రతి శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకి కాల్. అవతల ఒకావిడ, చాలా మర్యాదస్తురాలు, ఎంతవరకు వచ్చిందని అడిగేది. "ఆల్‌మోస్ట్ డన్" అనేవాణ్ని. నిజానికి నా నోట్లో ఇంగ్లీషు, బుర్రలో మాత్రం మన "అయిపోయినట్టే". ఆ మాటలో ఎంత ఖాళీ ఉందో ఎప్పుడైనా చూశావా? ఇంటికి తలుపులు కూడా పెట్టకముందే మీ తాతయ్య "ఇల్లు అయిపోయినట్టే" అనేవాడు. వినేవాళ్లు ఆయన మొహం చూసి, గొంతు విని, ఇంకో ఆరు నెలలు పడుతుందని వాళ్లే లెక్కేసుకునేవాళ్లు. కాల్‌లో ఉన్నావిడకి నా మొహం కనబడదుగా, ఆవిడకి వినపడింది "డన్" ఒక్కటే.

అలా నాలుగు శుక్రవారాలు గడిపాను. రెండో వారంలోనే నాకు తెలుసు, తేదీలు తప్పొస్తున్నాయని. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం, వాళ్లు నెల ముందు రాస్తారు. 12 దాటిన రోజులు ఎర్రర్ కొట్టాయి కాబట్టి దొరికిపోయాయి, 12 లోపువి మాత్రం ఏ చప్పుడూ చెయ్యకుండా తారుమారై లోపల కూర్చున్నాయి. ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయిపోయింది. ఎవరికీ తెలియకుండా సరిచేసేద్దామని రాత్రిళ్లు కూర్చున్నాను, తెమల్లేదు. ఐదో శుక్రవారం చెప్పక తప్పలేదు. ఆవిడ గొంతు కూడా పెంచలేదు. "లేటవడం నాకు పెద్ద సమస్య కాదు, నువ్వు రెండో వారంలో చెప్పి ఉంటే ఈ శని ఆదివారాలకి నేను మావాళ్ల సెలవులు రద్దు చేసేదాన్ని కాదు" అంది. మా లీడ్ క్షమాపణ మెయిల్ రాశాడు, నేను రెండు నెలలు ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద కూర్చున్నాను. బెంచ్ మీద రోజూ పది నుంచి ఆరు దాకా ఏం చెయ్యాలో తెలియక క్యాంటీన్‌లో ఎన్ని టీలు తాగానో!

ఆ బెంచ్ మీదే విమాన ప్రమాదాల గురించి చదవడం పట్టుకుంది నాకు. 1977 మార్చి 27న టెనెరిఫె దీవిలో, పొగమంచులో, రన్‌వే మీద కేఎల్‌ఎం, పాన్ యామ్ కంపెనీల జంబో జెట్లు రెండు గుద్దుకుని 583 మంది పోయారు. కేఎల్‌ఎం కోపైలట్ రేడియోలో "వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నాడు. టవర్‌లో ఉన్నాయన, టేకాఫ్‌కి సిద్ధంగా నిలబడ్డారనుకున్నాడు. విమానం అప్పటికే కదిలింది. మా "ఆల్‌మోస్ట్ డన్" లాంటిదే, అన్నవాడికొక అర్థం, విన్నవాడికొకటి. ఇంకా బాధేంటంటే, అదే కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది, ఆ పాన్ యామ్ విమానం రన్‌వే వదిలిందా లేదా అని అడిగాడు కూడా. కెప్టెన్ చాలా సీనియర్, వదిలిందని గట్టిగా అనేసరికి ఆయన ఊరుకున్నాడు. ఆ తర్వాతే, పైవాడికి ఎదురు చెప్పడం కూడా విమాన సిబ్బందికి క్లాసు పెట్టి నేర్పాల్సిన పనేనని శిక్షణలు మొదలుపెట్టారు. దీన్నే మీ హెచ్‌ఆర్ వాళ్లు సాఫ్ట్ స్కిల్స్ అంటారు. ఆ పేరు 1970ల మొదట్లో అమెరికా సైన్యంలో పుట్టింది, యంత్రాలతో చేసేవి కాకుండా మనుషులతో చేసే పనులకి పెట్టుకున్న పేరు. సుతిమెత్తగా నవ్వుతూ మాట్లాడటం అని మనవాళ్లు ఎక్కడ తేల్చారో!

సరే, నువ్వు చెయ్యాల్సింది చెప్తా. పని ఇరుక్కుంటే గంట, మహా అయితే రెండు గంటలు నువ్వే కొట్టుకో, ఆపైన అడుగు. అడిగేటప్పుడు మీ లీడ్‌కి "హాయ్" అని కొట్టి, ఆయన "హాయ్" అనేదాకా ఎదురుచూడకు. ఆ రెండు హాయ్‌ల మధ్య ఒక పూట పోతుంది. మొత్తం ఒకే మెసేజ్‌లో పెట్టు: "పేమెంట్ టికెట్ బుధవారం మధ్యాహ్నం నుంచి ఆగింది. టెస్ట్ సర్వర్‌లో ఈ ఎర్రర్ వస్తోంది, స్క్రీన్‌షాట్ కింద ఉంది. ఈ రెండు పద్ధతులు ప్రయత్నించాను, పోలేదు. డేటాబేస్ టీమ్‌లో ఎవరైనా అరగంట కూర్చుంటే రేపటికి అవుతుంది, లేకపోతే సోమవారం దాటుతుంది." ఇంతే. సారీలు వద్దు, సంజాయిషీలు వద్దు. ఇది చదివిన లీడ్‌కి ఏం చెయ్యాలో తెలిసిపోతుంది, తన పైవాళ్లకి ఏం చెప్పుకోవాలో కూడా తెలుస్తుంది. ఆ కుర్రాడు కబుర్లు చెప్తాడన్నారే, చెప్పేది ఇవే కబుర్లయితే కాల్ వాడికివ్వడం నాకు తప్పనిపించదు.

శాతాలు చెప్పకు. తొంభై శాతం అయిందంటే మిగిలిన పది శాతంలోనే అసలు కథంతా ఉంటుంది. ఏం పూర్తయింది, ఏం మిగిలింది, అది చెప్పు.

లీడ్ చెప్పింది తప్పనిపిస్తే అందరి ముందూ "కాదండీ" అనక్కర్లేదు, అలాగని తలూపి ఊరుకోవడమూ వద్దు. తలూపడం మన ఇళ్లలో పుట్టుకతో వచ్చిన విద్య, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నోరు విప్పావా, వీపు విమానం మోతే. "ఇలా చేస్తే పాత ఆర్డర్లు ఏమవుతాయండీ?" అని అడిగి చూడు. ప్రశ్నే కాబట్టి ఆయనకి కోపం రాదు. ఒక్కోసారి నీదే తప్పని తేలుతుంది, అప్పుడు పరువూ పోదు.

ఇంగ్లీషు గురించి ఎక్కువ టెన్షన్ పడకు. మెల్లగా మాట్లాడు, అర్థం కాకపోతే మళ్లీ అడుగు, చివర్లో "నాకు అర్థమైంది ఇదీ" అని రెండు వాక్యాల్లో నీ మాటల్లో చెప్పు. యాస దానంతటదే సర్దుకుంటుంది, నాది ఇప్పటికీ సర్దుకోలేదనుకో!

మాటలు కోటలు దాటి చేతలు గడప దాటనివాళ్లూ ప్రతి టీమ్‌లో ఉంటారు. రేటింగులు కొన్నాళ్లు వాళ్లకే వస్తాయి కూడా, అది చూసి కడుపు మండుతుంది, నాకూ మండింది. దానికి నా దగ్గర మందు లేదు. నువ్వు మాత్రం కోడ్ రాయడం తగ్గించకు.

ఇంకోటి, రాత్రి కాల్ అయ్యేసరికి పదకొండు దాటుతోందని మీ అమ్మ అంది. క్యాబ్ అడిగావా? "ఉంటానండీ, క్యాబ్ బుక్ చెయ్యండి" అనడానికి మొహమాటం ఎందుకు? ఇలా అడగడమూ నేను పైన చెప్పిన సాఫ్ట్ స్కిల్స్‌లోదే.

ఆ టికెట్ ఇంకా తెమల్లేదు కదా. సోమవారం స్టాండప్ దాకా ఆగకు, ఆదివారం రాత్రే మెసేజ్ రాసి పెట్టుకుని పొద్దున్న తొమ్మిదింటికి మీ లీడ్‌కి పంపు. పంపేముందు కావాలంటే నాకు చూపించు, రాత్రి ఎనిమిదిన్నర లోపైతే చాలు, ఆ తర్వాత నాకూ కాల్ ఉంది. ముందు వెళ్లి అన్నం తిను.

మావయ్య