ఒక్కరోజు రిపోర్టుతో పిల్లల జబ్బు తీవ్రత తేలదు

తమ పాపకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రపిండాల నుంచి ప్రోటీన్ మూత్రంలోకి పోయి, ఒంట్లో నీరు చేరే జబ్బు) అని తేలిందనీ, అది ఎంత తీవ్రమైనదో మూత్రం రిపోర్టు చూసి తెలుసుకోవచ్చా అనీ ఒకరు అడిగారు. తెలుసుకోలేరనే నేను గట్టిగా చెబుతాను.

మాది కావలి. మా అబ్బాయికి ఈ జబ్బు నాలుగో ఏట వచ్చింది. పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బి ఉంటే, ఏదో పడలేదనుకుని చుక్కల మందు వేస్తూ 10 రోజులు పోగొట్టుకున్నాము. సాయంత్రం సాక్సులు విప్పాక కాలి మీద పడిన గాడి గంటసేపటికీ పోకపోతే గాని అది నీరని మాకు అర్థం కాలేదు.

అప్పటి నుంచి రోజూ తొలి మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, ప్రోటీన్ ఉంటే తెల్లగా మార్చే సల్ఫోసాలిసిలిక్ ఆసిడ్ చుక్కలు వేసి, గొట్టం వెనుక దినపత్రిక పట్టుకుని చూస్తున్నాను. తెల్లదనంలోంచి అక్షరాలు చదవగలిగితే ప్రోటీన్ కొద్దిగానే పోతోందని 1+, మజ్జిగలా మారి ఏమీ కనబడకపోతే ఎక్కువగా పోతోందని 3+ అని నోటుపుస్తకంలో రాస్తాను. వరుసగా 3 రోజులు 3+ వస్తే జబ్బు తిరగబెట్టినట్టు.

పోయినేడాది నెల్లూరులో ఒక డాక్టరుగారు ఆ రోజు రిపోర్టులో ప్రోటీన్ లేదని చూసి, "తేలికపాటిదేనమ్మా" అన్నారు. స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్న పిల్లవాడికి ఆ రోజు ప్రోటీన్ పోకపోవడంలో వింతేముంది? సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. 6 నెలల్లో 3 సార్లు తిరగబెడితే తరచుగా తిరగబెట్టే రకమని లెక్కిస్తారు. మావాడికి అన్నిసార్లూ తిరగబెట్టింది. 34 రోజులు బడి పోయింది. తలుపు వారన గీసిన ఎత్తు గీత ఏడాదిలో 2 సెంటీమీటర్లైనా పైకి జరగలేదు. ఆయన ప్రతి పేజీ తిప్పి చదివి, ఎదుగుదలను తగ్గించే స్టెరాయిడ్ తగ్గించడం కోసం లెవమిసోల్ అనే మందు మొదలుపెట్టారు.

చుట్టాలేమో మాత్రల వల్ల ఉబ్బిన బుగ్గలు చూసి "ఒళ్ళు చేశాడు, ఇంకేం జబ్బు" అంటారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ జబ్బులు ఉన్నాయి గాని ఇది లేదు కనుక, బడిలో హాజరు తగ్గిన ప్రతిసారీ బతిమాలుకోవలసి వస్తోంది.

పిల్లల రోజువారీ జీవితం ఎలా సాగుతోందో కొలిచే పీడ్స్‌క్యూఎల్ అనే 23 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. 5 ఏళ్ళు నిండిన పిల్లలను, తల్లిదండ్రులను అందులో వేర్వేరుగా అడుగుతారు. అది తెలిశాక, అన్నిటికన్నా ఏది కష్టంగా ఉందని మావాణ్ణి అడిగాను. సూదులో, ఉప్పు తగ్గించిన కూరలో అంటాడనుకున్నాను. ఆటల పీరియడ్‌లో తన్నొక్కణ్ణే వేపచెట్టు కింద కూర్చోబెడతారని చెప్పాడు. నా పుస్తకంలో దానికి గడే లేదు. ఆ రాత్రే స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను.