గీసిన గీత దాటని కొడుకు

ప్రశ్న: నా వయసు 28. హాస్టల్ ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను, వార్డెన్ పని కూడా నాదే. గత నెలలో వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గాయని ఏడో తరగతి పిల్లలు పదకొండు మందిని మధ్యాహ్నం ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టమని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. ‘ఎండ ఎక్కువగా ఉంది సార్’ అని లెక్కల మాస్టారు నా చెవిలో అన్నారు కానీ నేను నిలబెట్టాను. గంట దాటాక ఒక అబ్బాయి సొమ్మసిల్లి పడ్డాడు. కంకర రాయి తగిలి నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆడుకుంటూ జారిపడ్డాడని ఇంటికి ఫోను చేయమన్నారు, చేశాను. వాళ్ళ నాన్న ‘మీరున్నారు కదా సార్, మీరే చూసుకోండి’ అన్నాడు. ఇదంతా తెలిసినప్పటి నుంచి నా భార్య నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆమెకు ఇప్పుడు ఐదో నెల. ఉద్యోగం మానేయమంటోంది. మా నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ‘అన్నం పెట్టే చోట నోరెత్తకూడదు’ అంటారు. ఆయన మాటకు ఇంతవరకు ఎదురు చెప్పలేదు, జీతం కూడా ఆయన చేతికే ఇస్తాను. నేను భార్య మాట వినాలా, నాన్నగారి మాట వినాలా?

జవాబు: ఇద్దరి మాటా వినవద్దు. నాలుగు నెలల్లో తండ్రి కాబోతున్న మనిషి, ఎవరి మాట వినాలో చెప్పమని ముక్కూమొహం తెలియని నన్ను అడుగుతున్నారు. నేను ఒకటి చెబితే అది కూడా వినేస్తారు. మీ ఉత్తరం చదివి నేను భయపడింది అక్కడే.

మీ భార్య గురించి మాట్లాడేది ఏమీ లేదు. ఆమె అలగలేదు. కడుపులో ఉన్న బిడ్డకు తండ్రి ఎలాంటివాడో తేల్చుకునే పనిలో ఉంది. ఆమెను అలా వదిలేయండి.

‘ఫోను చేశాను’ అని ఒక్క ముక్కలో దాటేశారు. నేను ఆ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కూలికి వెళ్ళే మనిషో, ఆటో నడిపే మనిషో నాకు తెలియదు కానీ, కొడుక్కి తల పగిలిందని విన్న తండ్రి ఎక్కడ, ఎలా, ఎవరున్నారు అప్పుడు అని ఒక్క ప్రశ్న అడగలేదు. సారు చెప్పారు, నమ్మాడు. ప్రిన్సిపాల్ ముందు మీరు ఎలా నిలబడ్డారో, ఫోనులో మీ ముందు అతను అలాగే నిలబడ్డాడు. పై నుంచి కిందిదాకా ఎవరూ నోరెత్తని చోట దెబ్బ తగిలేది అందరికంటే కింద ఉన్నవాడికే. మీ స్కూల్లో ఆ కింద ఉన్నది పన్నెండేళ్ళ పిల్లవాడు.

మీకు ప్రిన్సిపాల్‌తో సమస్య ఉందని నేను అనుకోవడం లేదు. మీ సమస్య మీ నాన్నగారు. ఆయన చెడ్డవారని అనను. ఎంతోమందికి అక్షరాలు దిద్దించిన మనిషి. కానీ ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చిన కొడుకు నెల జీతం తెచ్చి చేతిలో పెడుతుంటే, ‘నీ సంసారం నువ్వు చూసుకో నాన్నా’ అని ఒక్కసారీ అనలేదు. ‘మా వాడు గీసిన గీత దాటడు’ అని మన ఇళ్ళలో చుట్టాల ముందు చెప్పుకుని మురిసిపోతాం. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి గుణాల్లో మొదట చెప్పేది కూడా ఇదే. మిమ్మల్నీ అలాగే పెంచారు. గీత గీసింది ఎవరు, ఎందుకు గీశారు అని చూడటం మాత్రం నేర్పలేదు. ఇంట్లో నాన్నగారు గీశారు, స్కూల్లో ప్రిన్సిపాల్ గీశాడు. ఆయన ఎదుట తల వంచి వంచి అలవాటైన మెడ ఇతని ఎదుట కూడా దానంతట అదే వంగింది.

ఇది మీ ఒక్కరి జబ్బు కాదు. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు ఇవ్వాలి. 15 వోల్టులతో మొదలుపెట్టి 450 దాకా పెంచుకుంటూ పోవాలి. నిజానికి షాకు లేదు, అవతలి మనిషి నటిస్తున్నాడు. మీట నొక్కేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. మొదట 40 మందితో చేస్తే 26 మంది ఆఖరి మీట దాకా నొక్కారు. వాళ్ళు మామూలు మనుషులే. నొక్కుతూ వణికారు, చెమటలు కక్కారు, పెదవులు కొరుక్కున్నారు. అయినా బూడిద రంగు కోటు వేసుకున్న ఒకాయన ‘కానివ్వండి’ అంటే కానిచ్చారు. తర్వాత అదే ప్రయోగాన్ని కాస్త మార్చి, పక్కన ఇద్దరు తోటివాళ్ళను కూర్చోబెట్టి, ‘మేము చేయము’ అని వాళ్ళు మధ్యలో ఆపేసేలా చేశాడు. అప్పుడు ఆఖరి దాకా వెళ్ళినవాళ్ళు 40 మందిలో నలుగురే. మీ పక్కన లెక్కల మాస్టారు ఉన్నారు. ఆయనకూ ధైర్యం చాలక చెవిలో చెప్పారు. మీరు ఆయన వైపు తిరిగి, ‘అవును సార్, పిల్లలను లోపలికి పంపిద్దాం’ అని ఉంటే ఆ రోజు ఇద్దరయ్యేవారు. మీరు విననట్టు ఊరుకున్నారు.

నిండు సభలో ద్రౌపదిని అవమానిస్తుంటే తండ్రి కోసం జీవితాన్నే వదులుకున్న భీష్ముడు ఆపలేకపోయాడు. దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు లేచి ఇది అధర్మమన్నాడు. చిన్నవాడివి, నీకేం తెలుసని కర్ణుడు కసిరాడు. భీష్ముడి పితృభక్తి మన పిల్లలందరికీ చెబుతాం. వికర్ణుడి పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు? నాకు ఈ విషయంలో ఎప్పటి నుంచో కోపం.

పెద్దలు చెప్పారు కాబట్టి చేశాను అనే మాట చట్టం ముందు కూడా నిలబడదు. పిల్లలను శారీరకంగా శిక్షించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. బూటకపు ఎన్‌కౌంటర్ కేసులో పై అధికారి ఆదేశించాడన్న సాకు చెల్లదని 2011లో సుప్రీంకోర్టు పోలీసులకే తెగేసి చెప్పింది. తుపాకీ పట్టే ఉద్యోగంలో చెల్లని సాకు చాక్‌పీసు పట్టే ఉద్యోగంలో చెల్లుతుందా? పైగా మీరు చెప్పేది సోషల్. ప్రాథమిక హక్కుల పాఠం ఆ పదకొండు మందికే చెప్పాలి.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు మా నాన్న కట్నం మాట్లాడుకుని ఒక సంబంధం ఖాయం చేసుకొచ్చారు. నేను చేసుకోనన్నాను. ఆయనకు కాదు అని చెప్పడం అదే మొదటిసారి, కాళ్ళు వణికాయి. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి, తినకుండానే లేచిపోయేవారు. అమ్మ నన్ను చూసి ఏడ్చేది. నాలుగో రోజు సాయంత్రం వాకిట్లోంచి ‘కాస్త కాఫీ పెట్టమ్మా’ అన్నారు. ఆ తర్వాత పోయేదాకా ఏ పని తలపెట్టినా ‘నువ్వేమంటావు’ అని నన్ను అడిగేవారు. మీ నాన్నగారు కూడా అలాగే మారతారని నేను హామీ ఇవ్వలేను. మారకపోయినా మీరు చేయవలసింది చేయాలి.

ఈ ఆదివారం ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళండి. తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘ప్రిన్సిపాల్ నిలబెట్టమన్నాడు’ అని మొదలుపెట్టకండి, ‘నేను నిలబెట్టాను’ అని మొదలుపెట్టండి. వాళ్ళు తిడితే పడండి. ఎండకు సొమ్మసిల్లి పడ్డాడని డాక్టరుకు కూడా చెప్పి ఉండరు. మీ ఖర్చుతో పిల్లవాడిని ఇంకోసారి చూపించండి. తలనొప్పి, వాంతులు, మగత వంటివి ఉంటే ఆదివారం దాకా కూడా ఆగవద్దు. తర్వాత జరిగినదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మండల విద్యాధికారికి ఇవ్వండి. హాస్టల్లో ఇంకా ఇలాంటివి జరుగుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోను చేయండి. లెక్కల మాస్టారిని ముందుగా కలవండి, ఆయన కూడా సంతకం పెట్టవచ్చు.

ఉద్యోగం మానాలా వద్దా అని మీరు తల బద్దలు కొట్టుకోనక్కరలేదు, ఈ కాగితం ఇచ్చాక బహుశా వాళ్ళే తీసేస్తారు. కేసు కూడా రావచ్చు. బిడ్డ పుట్టబోయే ఇంట్లో అది చిన్న కష్టం కాదని నాకు తెలుసు. అందుకే వచ్చే జీతమైనా మీ చేతుల్లో ఉంచుకుని, మీ భార్యా మీరూ కూర్చుని లెక్క వేసుకోండి.

నాన్నగారికి ఇదంతా చెప్పండి, కానీ కాగితం ఇచ్చి వచ్చాక చెప్పండి. ముందు చెబితే అది అనుమతి అడిగినట్టు అవుతుంది. ఆయన అరుస్తారు. అరవనివ్వండి, మీరు మాత్రం గదిలోంచి వెళ్ళిపోకుండా ఆయన ఎదురుగానే కూర్చోండి.

తర్వాత నాకు మళ్ళీ రాయండి. ఆ అబ్బాయి ఎలా ఉన్నాడో మొదటి వాక్యంలోనే రాయండి.