ముందు వాళ్ళకు చూపించు

హైదరాబాద్

తమ్ముడూ,

నువ్వు పంపిన డాక్యుమెంటరీ సినిమా చూశాను. మూసీ ఒడ్డున ఇల్లు ఖాళీ చేస్తున్న ఆ పెద్దావిడ ఫ్యాను విప్పించి, గిన్నెలు సంచిలో సర్ది, చివరగా గోడ దగ్గరికి వెళ్ళి కరెంటు మీటరు మీది అంకెలు చదువుతుంది. మనవడి చేత నోటు పుస్తకంలో రాయిస్తుంది. రేపు ఇల్లు కూలిపోయాక కూడా బిల్లు తన పేరునే వస్తుందేమోనని ఆమె భయం. మీటరు పక్కనే, ఇల్లు నదీగర్భంలో ఉందని అధికారులు ఎర్ర రంగుతో రాసిన ఆర్‌బీ-ఎక్స్ గుర్తు. ఆ షాటు బాగుంది. నువ్వు మధ్యలో దూరకుండా నిలబడి చూశావు.

ఈ ఉత్తరం మాత్రం ఆ తరువాతి షాటు గురించి. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. నీ కెమెరా ఆగలేదు. జూమ్ చేసుకుంటూ దగ్గరికి వెళ్ళి, కొంగు అంచు పక్కన కనిపించే కంటిని వెతికి పట్టుకుంది. అది చాలదన్నట్టు ఎడిటింగులో వయొలిన్ కలిపావు. కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి ఏం చెబుతున్నదో మన ఇళ్ళలో పుట్టి పెరిగినవాడికి విడమరిచి చెప్పాలా? ఇక చాలు, అటు తిరుగు అంటున్నది. మీ అమ్మ అలా కొంగు పెట్టుకుంటే నువ్వు ఫోను పట్టుకుని దగ్గరికి వెళతావా?

సంతకం తీసుకున్నానని రాశావు. ఏ కాగితం మీద? ఇంగ్లీషులో రాసిన ఒప్పంద పత్రం మీద, ఇల్లు పోతున్న రోజున, చేతిలో సామాన్లు పట్టుకుని ఉన్న మనిషి దగ్గర. ఆమె ఏది ఒప్పుకున్నదో ఆమెకే తెలియదు. తెర మీద తనను తాను చూసుకున్న రోజున తెలుస్తుంది. అందుకే ఈ పని చేస్తున్నన్నాళ్ళూ నేను ఒక్క నియమాన్ని వదల్లేదు. సినిమాలో ఎవరున్నారో వాళ్ళే దాన్ని మొదట చూడాలి. మార్చడానికి వీలున్నప్పుడే, ఎడిటింగు ఇంకా పచ్చిగా ఉండగానే చూడాలి. వాళ్ళు తీసేయమన్నది తీసేయాలి. నువ్వేమో ముందు విదేశీ ఫెస్టివల్స్‌కు పంపుతాననీ, బస్తీలో చూపిస్తే మొదటి ప్రదర్శన వాళ్ళదే అనే ప్రీమియర్ హక్కు పోతుందేమోననీ రాశావు. పోతే పోనీ. ఎక్కడో చల్లటి హాలులో కూర్చున్న పరాయివాళ్ళ కంటే ముందు చూసే హక్కు ఆ పెద్దావిడకు ఉంది.

ఇది నేను కనిపెట్టిన సిద్ధాంతం కాదు, మన నేలలోనే ఉంది. చేర్యాల నకాషీ పటాలు చూసే ఉంటావు. ఇప్పుడవి గోడలకు వేలాడే అలంకారాలు. అసలు అవి కథ చెప్పడానికి పుట్టాయి. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి, మూరల కొద్దీ పొడుగున బొమ్మలు వేసి చుట్ట చుట్టేవారు. కూనపులివాళ్ళు ఆ చుట్ట విప్పుతూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. డక్కలివాళ్ళు మాదిగలకు జాంబ పురాణం చెప్పేవాళ్ళు. ఎవరి కథ వాళ్ళ వాడకే వెళ్ళి, వాళ్ళ ముందే చెప్పాలి. నేను ఒక పద్మశాలి వాడలో రాత్రంతా కూర్చుని చూశాను. వంశం పేర్ల దగ్గర కథకుడు ఒకటి దాటేస్తే ముందు వరసలోని ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. కథకుడు వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. ఎవరికీ కోపం రాలేదు. అది వాళ్ళ కథ, సరిదిద్దే హక్కు వాళ్ళది. మన పూర్వీకులు వాళ్ళు, తమ్ముడూ. మనం మాత్రం వాడలో కథ ఏరుకుని ఊరవతల అమ్ముకోవడం నేర్చుకున్నాం.

డాక్యుమెంటరీ చరిత్ర పుస్తకాల్లో మొదటి పేజీల్లోనే కనిపించే రాబర్ట్ ఫ్లాహర్టీని తీసుకో. కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇన్యూట్ మనుషుల మీద తీసి 1922లో విడుదల చేసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్'లో ఆయన చేసిన కల్పన మీద ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. మంచు ఇంట్లో వెలుతురు చాలదని ఒక పక్క తెరిచి ఉంచిన ఇల్లు కట్టించాడు. అప్పటికే తుపాకులు వాడుతున్న మనుషుల చేత పాత ఈటెలు పట్టించాడు. వీటిని నేను సమర్థించను. అయితే అదే ఫ్లాహర్టీ ఫిల్ము కడిగే సరంజామా, ప్రొజెక్టరు ఆ మంచులోకి మోసుకెళ్ళి, తీసిన రీళ్ళు అక్కడే కడిగి వాళ్ళకే చూపించాడు. వాల్రస్ అనే సముద్ర జంతువు వేట తెర మీద పడగానే చూస్తున్నవాళ్ళు లేచి, పట్టుకో, వదలకు అని అరిచారట. వందేళ్ళ కిందట, ఆ చలిలో ఆయన చేయగలిగిన పని, జేబులో ఫోను పెట్టుకుని మెట్రోలో తిరిగే నీకు కష్టమా?

ఇక నీ డ్రోను. సినిమా మొదట్లో నాలుగు నిమిషాల పాటు అది ఎగురుతూనే ఉంది. కింద రేకుల ఇళ్ళు, మీద గంభీరమైన గొంతు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద, అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి బతికిన నూటయాభై మంది, విశ్వేశ్వరయ్య రాక, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అన్నీ నిజాలే, ఒక్కటీ నీ సినిమాది కాదు. ఆ బస్తీవాళ్ళను వరద గురించి అడిగి చూడు. 2020 అక్టోబరు వాన గురించి చెబుతారు. మంచం మీద మంచం ఎక్కించి, పైన పిల్లల్ని కూర్చోబెట్టిన రాత్రి గురించి చెబుతారు. నీ దగ్గర ఆ మనుషులున్నారు. ఉండి కూడా ఆకాశంలోకి వెళ్ళిపోయావు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వెళ్ళు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు, వ్యవసాయ కూలీలు, 1990ల చివర్లో కెమెరా పట్టారు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ వాళ్ళకు కెమెరా అందించారు. 2023లో ఆయన పోయారు. పైనుంచి కిందికి చూసే షాటుకు, ఊరి దొర చూపులా ఉంటుందని, ఆ మహిళలు పటేల్ షాట్ అని పేరు పెట్టుకున్నారు. కళ్ళ ఎత్తులో పెట్టి తీసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. ఏ ఫిల్మ్ స్కూలూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పు, నీ నాలుగు నిమిషాల డ్రోను ఎవరి చూపు?

నేను మొదలుపెట్టినప్పుడు బోలెక్స్ ఫిల్ము కెమెరా అద్దెకు తెచ్చేవాళ్ళం. కీ తిప్పితే అరనిమిషం కూడా నడిచేది కాదు. వంద అడుగుల రీలు మూడు నిమిషాల లోపే అయిపోయేది. కడగడానికి మద్రాసు పంపాలి. తిరిగి వచ్చేదాకా ఏం తీశామో తెలియదు. అందుకే బటన్ నొక్కే ముందు, ఇది తీయాలా వద్దా అని ఆలోచించక తప్పేది కాదు. తరువాత చిన్న డిజిటల్ టేపులు వచ్చాయి, టేపుకు గంట. మాలాంటి సొంత డబ్బులవాళ్ళకు అవి ప్రాణం పోశాయి. మీ తరానికి అసలు ఆగాల్సిన పనే లేదు. ఆగడం మీ అంతట మీరు నేర్చుకోవాలి. మీకు నేర్పేవాళ్ళూ లేరు. పైగా చెడగొట్టేవాళ్ళు ఉన్నారు. బీడీ కార్మికుల మీద నేను తీసిన సినిమాను ఒక టీవీ చానల్‌కు పట్టుకెళితే, అక్కడి ఎడిటరు అడిగిన మొదటి ప్రశ్న, ఇందులో ఏడుపు ఎక్కడుంది అని. ఒక కార్మికురాలు తన కూలి లెక్కను వేళ్ళ మీద చెప్పే చోటును తీసేయమన్నాడు, బోరు కొడుతుందట. అది మొత్తం సినిమాకు వెన్నెముక. టేపు చంకన పెట్టుకుని వచ్చేశాను. ఆ ఏడాది ఇంటి అద్దెకు పెళ్ళి వీడియోలు తీశాను. ఆ ఎడిటరు మీద నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. అతని శిష్యులే ఇప్పుడు వేరే వేషంలో ఫండ్లు ఇచ్చే చోట కూర్చున్నారు. దరఖాస్తులో ప్రభావం ఎంత అని ఒక గడి పెట్టి, కన్నీళ్ళకు మార్కులు వేస్తున్నారు. నీ వయొలిన్ అక్కడినుంచే వచ్చింది.

కూలి లెక్క చోటు ఎలా దొరికిందో విను. మొదటి కూర్పును వాళ్ళ వాకిట్లోనే దుప్పటి కట్టి చూపించాను. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, దారం కట్టడం, అన్నీ చూసి ఒకావిడ లేచి, మా చేతులు చూపించావు, మా డబ్బులు ఎక్కడ పోతాయో చూపించలేదు అన్నది. టేకేదారు, అంటే గుత్తేదారు, దగ్గర కట్టలు విప్పి, బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు కూలి ఉండదు. ఆకు, శ్రమ వాళ్ళవి పోతాయి. ఆమె అప్పటికప్పుడే వేళ్ళు ముడుస్తూ లెక్క చెప్పింది. మర్నాడు కెమెరా పెట్టి అదే తీశాను. ఏ లైబ్రరీలోనూ ఆ లెక్క దొరకదు. దుప్పటి కట్టినవాడికే దొరుకుతుంది.

నువ్వు ఇంకో పని తక్షణం చేయాలి. ఇరవై ఆరో నిమిషంలో ఒకతను ప్రభుత్వం ఇచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఎవరి పేరు మీద తీసుకున్నాడో చెప్పేశాడు. మొహం కనిపిస్తోంది, వెనక గల్లీ బోర్డు కనిపిస్తోంది. ఒక అధికారి ఈ సినిమా చూస్తే చాలు, అతని తాళంచెవి వెనక్కి తీసుకుంటారు. అతను నిన్ను నమ్మి, టీ తాగుతూ మాట్లాడాడు. అది తీసెయ్. సినిమా బలహీనపడుతుందని వాదించకు.

ఇందులో మిగిలేది ఏమిటని అడిగావు. డబ్బు మిగలదు. నా ఇల్లు శిక్షణ చిత్రాలతోనూ పెళ్ళిళ్ళతోనూ గడిచింది. మిగిలినదాని గురించి ఒకటే చెబుతాను. చాలా ఏళ్ళ కిందట యాదగిరిగుట్ట వైపు గీత కార్మికుల మీద పనిచేశాను. వాళ్ళలో ఒకాయన తరువాత తాటిచెట్టు మీదినుంచి పడి చనిపోయాడు. ఈ మధ్య ఆయన కొడుకు నా చిరునామా కనుక్కుని వచ్చాడు. వాళ్ళింట్లో ఆయన ఫొటో ఒకటే ఉంది, మాట లేదు. మీ టేపులో మా నాయన మాట్లాడతాడట గదా అన్నాడు. సినిమాలో లేని ముడి టేపు కూడా బయటికి తీశాను. అందులో ఆయన చెట్టెక్కే ముత్తాదు నడుముకు బిగించుకుంటూ, కెమెరాను పట్టించుకోకుండా, కల్లు లొట్టి తేవడానికి ఇంత సేపా అని ఎవరినో కేకలేస్తున్నాడు. కొడుకు పగలబడి నవ్వాడు. నన్నే సార్, నన్నే తిడుతున్నాడు అన్నాడు. మళ్ళీ వేయమన్నాడు. సాయంత్రం దాకా వేస్తూనే ఉన్నాను. నాకు వచ్చిన జ్ఞాపికల మీద దుమ్ము తుడిచే ఓపిక లేదు గానీ, వానాకాలంలో ఆ టేపులకు బూజు పట్టకుండా ఇప్పటికీ నేనే తుడుస్తాను. నువ్వు తీసిన ముడి ఫుటేజీ అంతా రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్ళలో పెట్టు. తీసినవాడికి అది మిగిలిపోయిన సరుకే, తీయించుకున్నవాళ్ళకు అలా కాదు.

ఏ కెమెరా కొనాలి, ఏ ఫెస్టివల్‌కు పంపాలి అన్నవాటికి నేను జవాబు రాయడం లేదు.

ఇప్పుడు వాళ్ళు డబుల్ బెడ్‌రూమ్ బ్లాకుల్లో ఉన్నారు గదా. కింద పార్కింగులో స్థలం ఉంటుంది. వాళ్ళలో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. నీ సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్ప ఇంకేమీ లేవు, వ్యాఖ్యానమేమో పత్రిక సంపాదకీయంలా ఉంది. వ్యాఖ్యానం ఆపేసి, పక్కన నిలబడి ఉర్దూలో చెప్పే మనిషిని ఆ బ్లాకులోంచే వెతుక్కో. రాత్రి నమాజు అయ్యి, వంటలు అయ్యాక మొదలుపెట్టు. ఆడవాళ్ళు ముందు కూర్చునేలా చూడు, లేకపోతే మగవాళ్ళు చుట్టూ నిలబడి వాళ్ళకు తెర కనిపించనివ్వరు. సినిమా అయ్యాక నువ్వు మాట్లాడకు, వాళ్ళు మాట్లాడింది రాసుకో. లామకాన్ వేదిక, రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ థియేటరు, అవన్నీ తరువాత.

ప్రొజెక్టరు నా దగ్గర ఉంది, బల్బు కొత్తది. స్పీకరు మాత్రం నువ్వు తెచ్చుకోవాలి. ఆదివారం పొద్దున పదింటికి వచ్చి పట్టుకెళ్ళు. వచ్చేటప్పుడు వయొలిన్ లేని కాపీ తీసుకురా.

మీ అన్న