టెక్ సందేహాలు: 7-3తో గెలిస్తే చెస్ ఇంజిన్ బాగుపడినట్టేనా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సొంతంగా చెస్ ఇంజిన్, అంటే చెస్ ఆడే ప్రోగ్రామ్, రాసుకుంటున్నవాళ్లవి నాలుగు ఉన్నాయి, ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. ఫోన్ స్టోరేజ్, వైఫై గురించి అడిగినవాళ్లు వచ్చేసారి వరకు ఆగండి.

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్‌లో ఇంజిన్ రాశాను. బాగానే ఆడుతుంది గానీ ఎప్పుడో ఒకసారి చెల్లని ఎత్తు వేసి గేమ్ పోగొడుతోంది. ఎక్కడ తప్పుతోందో దొరకట్లేదు.

గేములు చూస్తూ కూర్చుంటే ఇది దొరకదండి. పెర్ఫ్ట్ రాయండి. ఎవాల్యుయేషన్ (పొజిషన్ ఎవరికి ఎంత బాగుందో అంచనా), సెర్చ్ (ముందు ఎత్తులు వెతకడం) ఏమీ అక్కర్లేదు, ఒక పొజిషన్ ఇచ్చి ఇద్దరివీ కలిపి ఇన్ని ఎత్తుల లోతు వరకు చెల్లే దారులన్నీ ఎన్ని అని లెక్కపెట్టడమే. మొదటి పొజిషన్ నుంచి 20, 400, 8,902, 1,97,281, 48,65,609, ఆరో లోతుకి 11,90,60,324 రావాలి. ప్రపంచంలో ఎవరు రాసినా ఇవే నంబర్లు, మీకు ఒక్కటి తేడా వచ్చినా బగ్ ఉన్నట్టే.

కాకపోతే ఇక్కడే చాలామంది నంబర్లు కలిశాయి కదా అని ఆగిపోతారు. మొదటి పొజిషన్ నుంచి ఆరు ఎత్తుల్లోపు కాస్లింగ్ ఒక్కసారి కూడా కుదరదు, ప్రమోషన్ అయితే తొమ్మిదో ఎత్తుకి గానీ రాదు, అంటే ఆ కోడ్ అసలు టెస్టే కాలేదన్నమాట. అందుకే కివీపీట్ అనే పొజిషన్ కూడా నడపాలి, వెతికితే వెంటనే దొరుకుతుంది, అందులో కాస్లింగ్, ఆన్‌పాసాన్ (రెండు గడులు దూకి పక్కకి వచ్చిన బంటుని ఒక గడే కదిలినట్టు కొట్టడం), పిన్నులు (కదిలితే సొంత రాజుకి చెక్ పడే పావులు) అన్నీ మొదటి రెండు మూడు ఎత్తుల్లోనే వచ్చేస్తాయి. దాని నంబర్లు 48, 2,039, 97,862, 40,85,603, 19,36,90,690.

తేడా వస్తే మొదటి ఎత్తుల వారీగా లెక్క విడగొట్టి చూడండి, దీన్ని డివైడ్ అంటారు. స్టాక్‌ఫిష్ అనే పేరున్న ఇంజిన్‌లో అదే పొజిషన్ పెట్టి గో పెర్ఫ్ట్ అని, పక్కన లోతు నంబర్ కొడితే అది కూడా ఎత్తుల వారీగానే చూపిస్తుంది, ఏ ఎత్తు దగ్గర లెక్క తేడా ఉందో ఆ ఎత్తు వేసేసి ఒక మెట్టు లోతు తగ్గించి మళ్లీ పోల్చండి, అలా దిగుతూ పోతే చివరికి తప్పు ఎత్తే కళ్ల ముందు కనిపిస్తుంది. మామూలుగా దొరికే దొంగలు చెప్తా: రాజు, ఎదుటివాడి రూక్ ఒకే అడ్డ వరుసలో ఉండి మధ్యలో రెండు బంట్లే ఉన్నప్పుడు ఆన్‌పాసాన్ కొడితే ఆ రెండూ ఒకేసారి లేచిపోయి రాజుకి చెక్ పడుతుంది, ఇది చూసుకోకపోవడం. రూక్‌ని దాని సొంత గడిలోనే ఎదుటివాడు కొట్టేస్తే ఆ వైపు కాస్లింగ్ హక్కు తీసేయకపోవడం. ఎత్తు వెనక్కి తీసుకున్నప్పుడు ఆ హక్కు తిరిగి పెట్టకపోవడం. క్వీన్ వైపు కాస్లింగ్‌లో రాజు దాటని బీ గడి మీద దాడి ఉన్నా కాస్లింగ్ చెల్లుతుంది, దాన్ని కుదరదు అనేయడం కూడా తప్పే.

జోబ్రిస్ట్ హ్యాష్ (ప్రతి పొజిషన్‌కీ గుర్తుగా లెక్కేసే నంబర్, దాన్నే కీ అంటారు) వాడుతుంటే డీబగ్ బిల్డ్‌లో ప్రతి ఎత్తు తర్వాత కీని మొదట్నుంచి లెక్కేసి, కొద్దికొద్దిగా అప్‌డేట్ చేసిన దానితో సరిపోయిందా అని చెక్ పెట్టండి. పెర్ఫ్ట్ సరిగ్గా ఉండి కూడా ఇంజిన్ పిచ్చి ఎత్తులు వేస్తుంటే నేను మొదట చూసేది అక్కడే.

ప్రశ్న: టెర్మినల్‌లో కమాండ్లకి జవాబిస్తోంది, చెస్ జీయూఐలో (బోర్డు చూపించి ఇంజిన్‌ని ఆడించే ప్రోగ్రామ్‌లో) పెడితే మాత్రం వేలాడిపోతోంది.

అవుట్‌పుట్ ఫ్లష్ చెయ్యట్లేదు, చాలావరకు కారణం అదే. టెర్మినల్‌కి రాసేటప్పుడు లైన్ పూర్తవగానే బయటికి వెళ్తుంది, పైప్‌కి రాసేటప్పుడు బఫర్ నిండేదాకా లోపలే ఉండిపోతుంది, జీయూఐ మీ జవాబు కోసం చూస్తూ ఉంటుంది. ప్రతి లైన్ తర్వాత ఫ్లష్ పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే, సెర్చ్ నడుస్తున్నప్పుడు కూడా జీయూఐ పంపే ఇజ్‌రెడీ కమాండ్‌కి రెడీఓకే అని చెప్పగలుగుతోందా, స్టాప్ కమాండ్ వినపడుతోందా చూడండి, సెర్చ్ వేరే థ్రెడ్‌లో ఉంటే ఈ గొడవ ఉండదు.

ప్రశ్న: కింగ్ సేఫ్టీ (రాజు ఎంత భద్రంగా ఉన్నాడో లెక్కేసే) కోడ్ పెట్టాక పాత వెర్షన్‌తో పది గేములు ఆడిస్తే 7-3తో గెలిచింది. మర్నాడు అవే రెండూ ఆడితే 4-6. బాగుపడిందా లేదా?

ఈ ప్రశ్న పంపినందుకు చాలా సంతోషం, ఎందుకంటే అమెచ్యూర్ ఇంజిన్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే, కోడ్ రాయడం రాక కాదు, కొలవడం రాక.

లెక్క చూడండి. రెండు ఇంజిన్లూ సరిసమానం అనుకుందాం, డ్రాలు లేవనుకుందాం. పది గేముల్లో కొత్తది ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలిచే అవకాశం 1,024లో 176, అంటే 17 శాతం. కోడ్‌లో ఏమీ మార్చకపోయినా దాదాపు ఆరుసార్లకి ఒకసారి ఇలా వచ్చేస్తుంది, కాబట్టి 7-3 మీకు చెప్పింది ఏమీ లేదు, 4-6 చెప్పింది కూడా ఏమీ లేదు. వంద గేములు ఆడించినా రేటింగ్ తేడాలో అటూ ఇటూ సుమారు 55-60 ఎలో (చెస్ బలం కొలిచే రేటింగ్ పాయింట్లు) పొరపాటు ఉంటుంది, వెయ్యికి 18 దాకా, పది వేలకి 6 దాకా. బాగా ఎదిగిన ఇంజిన్‌లో ఒక మంచి మార్పు ఇచ్చేదే నాలుగైదు ఎలో. కొత్తలో మాత్రం ఇంత కష్టం ఉండదు, ట్రాన్స్‌పొజిషన్ టేబుల్ (ఒకసారి లెక్కేసిన పొజిషన్లని గుర్తుపెట్టుకునే పట్టిక), ఎత్తుల వరుస సర్దడం (మంచివిగా కనిపించే ఎత్తులు ముందు చూడటం) లాంటివి పెడితే కొన్ని వందల గేముల్లోనే స్పష్టంగా తెలిసిపోతుంది.

మరి ఎన్ని గేములు ఆడించాలి అంటే, ముందే ఫిక్స్ చేసుకోనక్కర్లేదు, ఎస్‌పీఆర్‌టీ అనే పద్ధతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో అబ్రహామ్ వాల్డ్ దీన్ని తయారు చేశాడు. మనం రెండు ఊహలు ఇస్తాం, మార్పు వల్ల లాభం 0 ఎలో అని ఒకటి, 5 ఎలో అని ఇంకొకటి. గేములు జరుగుతున్నకొద్దీ సాక్ష్యం ఎటు మొగ్గుతోందో ఎల్ఎల్ఆర్ అనే ఒక నంబర్ చెప్తుంది, రెండు రకాల పొరపాటుకీ 5 శాతం చొప్పున ఒప్పుకుంటే అది +2.94 దాటినప్పుడు పాస్, -2.94 కిందకి పోతే ఫెయిల్, అంతవరకు ఆడుతూనే ఉండాలి. మార్పు నిజంగా గొప్పదైతే తొందరగా తేలిపోతుంది, ఏ లాభం నష్టం లేనిదైతే వేల గేములు పడుతుంది. మధ్యలో స్కోర్ బాగుందని మీరే ఆపేసి పాస్ అనుకోవద్దు, అలా ఆపితే ఆ 5 శాతం లెక్కకి విలువ ఉండదు. స్టాక్‌ఫిష్ వాళ్లు 2013 నుంచి వాలంటీర్ల కంప్యూటర్ల మీద ఫిష్‌టెస్ట్ అనే టెస్టింగ్ వ్యవస్థ నడిపిస్తున్నది ఈ పద్ధతి మీదే. మనకి ఇంజిన్లని ఒకదానితో ఒకటి ఆడించే క్యూట్‌చెస్ కమాండ్‌లైన్ టూల్ గానీ ఫాస్ట్‌చెస్ గానీ సరిపోతుంది, రెండింట్లోనూ ఎస్‌పీఆర్‌టీ ఆప్షన్ ఉంది. మీది కొత్త ఇంజిన్ కాబట్టి 5కి బదులు 10 ఎలో పెట్టుకోండి, టైమ్ గేముకి ఒక్కో ఇంజిన్‌కి 8 సెకన్లు, దానిపైన ఎత్తుకి 0.08 సెకన్లు అదనంగా పెట్టండి.

సెటప్‌లో తప్పు ఉంటే ఎన్ని వేల గేములైనా వృథా. ఓపెనింగ్ బుక్ ఫైల్ (గేములు మొదలెట్టడానికి రకరకాల ఓపెనింగ్‌ల జాబితా) ఇవ్వకపోతే రెండు ఇంజిన్లూ ఇంచుమించు అవే గేములు మళ్లీ మళ్లీ ఆడతాయి, కాబట్టి బుక్ ఇచ్చి ప్రతి ఓపెనింగ్‌నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడించండి. ఒకేసారి నడిపే గేములు మీ సీపీయూలో నిజమైన కోర్ల సంఖ్య దాటకూడదు, ఆ టైమ్‌లో అదే మెషిన్‌లో వీడియోలు చూడటం, కంపైల్ చెయ్యడం వద్దు. అయిపోయాక లాగ్‌లో టైమ్ అయిపోయి ఓడినవి ఎన్ని ఉన్నాయో తప్పకుండా చూడండి, అవి ఒక వైపే ఎక్కువగా ఉంటే మీరు కొలిచింది కింగ్ సేఫ్టీని కాదు, టైమ్ మేనేజ్‌మెంట్‌లో ఉన్న బగ్‌ని.

ఒక టెస్ట్‌కి ఒకే మార్పు. కింగ్ సేఫ్టీతో పాటు బంట్ల విలువలు కూడా మార్చి ఆడిస్తే, ఒకటి 10 తెచ్చి ఇంకొకటి 10 పోగొట్టినా మీకు సున్నాయే కనిపిస్తుంది. కోడ్ శుభ్రం చేసే మార్పులకైతే గేములే అక్కర్లేదు, కొన్ని పొజిషన్లని ఫిక్స్‌డ్ లోతు వరకు వెతికించి మొత్తం నోడ్లు (సెర్చ్ చూసిన పొజిషన్లు) లెక్కపెట్టండి, మార్పుకి ముందూ తర్వాతా ఆ నంబర్ ఒకటే రావాలి. ఇంకోటి, పాత వెర్షన్ మీద వచ్చిన లాభం బయటి ఇంజిన్ల మీద మామూలుగా అంత రాదు, అందుకని నాలుగైదు మార్పులు పాసయ్యాక మీకన్నా కాస్త బలమైన వేరే ఇంజిన్లతో కూడా ఒకసారి ఆడించి చూడండి.

కింగ్ సేఫ్టీ ఫెయిల్ అయితే తీసేయండి. ఎంతో ఇష్టంగా రాసిన కోడ్ తీసెయ్యాలంటే మనసొప్పదు, నాకు తెలుసు, కానీ ఐడియా మంచిదై విలువలే తప్పు కావచ్చు, సగానికి తగ్గించి మళ్లీ టెస్ట్ పెట్టండి. ఫెయిలైన టెస్టులు కూడా రాసి పెట్టుకోండి, మళ్లీ అదే చెయ్యకుండా ఉంటారు.

ప్రశ్న: పైథాన్‌లో రాస్తున్నా, స్లో అని అందరూ వద్దంటున్నారు. ఎవాల్యుయేషన్ చేత్తో రాసుకునే బదులు నేరుగా ఎన్ఎన్‌యూఈ (ఎవాల్యుయేషన్ చేసే న్యూరల్ నెట్) పెట్టేయనా?

పైథాన్ స్లోనే, కానీ పైన చెప్పిన టెస్టులన్నీ పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ మధ్యే కదా, నేర్చుకోడానికి అడ్డేం లేదు. ఎన్ఎన్‌యూఈని 2018లో యూ నాసు జపాన్ షోగీ ఆట కోసం తెచ్చాడు, 2020 సెప్టెంబర్‌లో స్టాక్‌ఫిష్ 12తో చెస్‌లో అందరికీ తెలిసింది. దాని వేగమంతా ఎత్తు ఎత్తుకీ మారిన పావుల వరకే లెక్క సవరించుకోవడంలో ఉంది, ఆ పని పైథాన్‌లో చేస్తే వేగం రాదు. అంతకంటే ముఖ్యం, సెర్చ్‌లో బగ్ ఉంటే బలమైన నెట్ దాన్ని కప్పేస్తుంది, మీకు కనబడదు. ముందు ఆల్ఫా బీటా, అంటే ఫలితం మార్చలేని దారులని వదిలేసే సెర్చ్, తర్వాత క్వీసెన్స్ సెర్చ్, అంటే పావులు కొట్టుకోవడం సగంలో ఉండగా లెక్క ఆపకుండా చివరిదాకా చూడటం, తర్వాత ఎత్తుల వరుస, ఆ తర్వాత ట్రాన్స్‌పొజిషన్ టేబుల్, ఒక్కోటీ టెస్ట్ పాస్ చేసి ముందుకెళ్లండి. ఎవాల్యుయేషన్‌కి అప్పటిదాకా పావుల విలువలు, గడుల టేబుళ్లు (ఏ పావు ఏ గడిలో ఉంటే ఎన్ని మార్కులో చెప్పేవి) చాలు.

ఆ తర్వాత నెట్ పెట్టుకోవాలనిపిస్తే దయచేసి ఇంకొకరి నెట్ తెచ్చి నాది అనకండి, సొంతంగా ట్రైన్ చెయ్యండి. దానికి కావాల్సిన పొజిషన్లు మీ ఇంజిన్ తనతో తాను ఆడిన గేముల నుంచే వస్తాయి, కాబట్టి ఎస్‌పీఆర్‌టీలో ప్రతి ఎత్తుకీ వచ్చిన స్కోర్ పీజీఎన్ ఫైల్లో (గేములు రాసి ఉంచే ఫైల్) సేవ్ అయ్యేలా ఇప్పుడే ఆన్ చేసుకోండి, ఆ ఫైళ్లు డిలీట్ చెయ్యకండి.