మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, చెప్పిన మాట వినట్లేదు. ఈ వయసులో మెదడు కూడా మారుతుందా?

మారుతుంది, అనుమానం అక్కర్లేదు. అసలు ఈ వయసు మొదలయ్యేదే తలలోంచి. మెదడులో హైపోథాలమస్ కబురు పెడితే పిట్యూటరీ గ్రంథి కదులుతుంది, అది చెబితే వృషణాల్లో టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. ఆ టెస్టోస్టెరాన్ మీసాలతో ఆగదు, తిరిగి మెదడు మీదా పనిచేస్తుంది.

అయితే "మాట వినట్లేదు" అన్నారు చూడండి, దానితోనే నాకు పేచీ. మావాడికి పదిహేనేళ్లప్పుడు విజయవాడ పటమటలో మా ఇంటిల్లిపాదిలో వాడంత జాగ్రత్తపరుడు లేడు. నేను బండి తీస్తుంటే హెల్మెట్ తెచ్చి చేతిలో పెట్టేవాడు. అలాంటివాడు ఒక ఆదివారం సాయంత్రం వాళ్ల బాబాయి స్కూటీ తాళాలు ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లి, ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని బెంజి సర్కిల్‌లో పోలీసులకు దొరికాడు. ఒక్కడి తల మీదా హెల్మెట్ లేదు. నేను ఆటో దిగేసరికి ముగ్గురూ రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉన్నారు, ఒకడి చేతిలో ఐస్‌క్రీం కరిగి మోచేతి దాకా కారుతోంది. ఎస్ఐ గారు వాళ్లను వదిలేసి నాకు క్లాసు పీకారు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం మైనరు బండి నడిపి దొరికితే పెద్దవాళ్లకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలట!

ఇంటికొచ్చాక ఎందుకు చేశావురా అంటే "ఏమోనమ్మా, వాళ్లు పద పద అన్నారు" అన్నాడు. వాళ్ల నాన్న అబద్ధమని కేకలేశారు. నూటికి నూరుపాళ్లు నిజమని నేనంటాను. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే అమెరికా పరిశోధకులు కారు నడిపే ఆట ఆడించి చూశారు. స్నేహితులు పక్కనుంటే ఈ వయసు పిల్లల దూకుడు బాగా పెరిగింది, పెద్దవాళ్లలో పెద్ద తేడా లేదు. సరదా కోరే భాగం ఈ వయసుకే జోరందుకుంటుంది. ఆగు అని చెప్పే నుదుటి వెనక భాగం పూర్తిగా కుదురుకోవడానికి పాతికేళ్లు పడుతుంది. వాడికి రూలు తెలుసు, పక్కన ఇద్దరుంటే గుర్తు రాదు, అంతే.

పొద్దున్నే లేవడని కూడా తిట్టే ఉంటారు. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. ఈ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే బడి ఎనిమిదిన్నరకు ముందు పెట్టొద్దంది. మన ఊళ్లో హాస్టళ్లేమో తెల్లారకముందే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెడతాయి, పైగా దానికి మనమే లక్షలు కడతాం. మా పక్కింటావిడైతే అన్నిటికీ ఫోనే కారణమంటుంది, ఆవిడ మాత్రం రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూస్తుంది.

మీవాడికి ఏం చెప్పాలన్నా ఒక్కడే ఉన్నప్పుడు చెప్పండి. స్నేహితుల ముందు మాత్రం వద్దు. ఇంట్లో బండి ఉంటే తాళాలు బీరువాలో పెట్టండి, మరిది గారివి కూడా.